పెట్రోలు మూవర్‌తో నా పేచీ అంతా కార్బొరేటర్ దగ్గరే

ఇంటి లాన్‌లో గడ్డి కోయడానికి పెట్రోలు మూవర్ కొనాలా, కరెంటుది కొనాలా అని అడిగేవాళ్లు ముందు హార్స్ పవరూ బ్లేడు వెడల్పూ చూస్తారు. రెండూ వాడాక నేను చూసేది ఒక్కటే: ఆ మిషన్ ఏడాదిలో ఎంతకాలం మూలన పడి ఉంటుంది? హైదరాబాద్ వైపు గరిక లాన్‌ని జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి కోయాలి. చలి మొదలయ్యాక నెలకోసారి కోస్తే ఎక్కువ. పెట్రోలు ఇంజిన్ పాడయ్యేది ఆ ఖాళీ నెలల్లోనే.

పనిలో దానికి వంక పెట్టలేం. వారం ముసురు పట్టాక జానెడు లేచిన తడి గరికని 160 సీసీ ఇంజిన్ లెక్కచేయదు, అదే గడ్డిలో కరెంటు మూవర్ మూలుగుతుంది. ఆయిల్ అర లీటరు పైచిలుకు, కొత్త ఇంజిన్‌కి మొదటి 5 గంటలకు ఒకసారి, ఆ తర్వాత 50 గంటలకోసారి మార్పు. ఇదంతా తేలికే. నా పేచీ కార్బొరేటర్‌తో, అంటే పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించే భాగంతో.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) 2023లో బంకుల్లోకి వచ్చింది, ఇప్పుడు ఎక్కడ పోయించినా దాదాపు అదే. పాత మూవర్ల మాన్యువల్ తీసి చూడండి, ఇథనాల్ 10 శాతం మించొద్దనే చాలావాటిలో ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మిషన్ కదలకుండా ఉంటే పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి జిగురు మిగులుతుంది, తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి కార్బొరేటర్ గిన్నె అడుక్కి చేరతాయి. జెట్ (పెట్రోలుని కొలిచి వదిలే, సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క) పెట్రోలు పీల్చేది సరిగ్గా అక్కణ్ణుంచే. గిన్నె లోపల తెల్లటి పొడి, జెట్ రంధ్రంలో జిగురు. మెయిన్ జెట్ రంధ్రమే అర మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, అది పూడటానికి ఎంత కావాలి?

లక్షణాలు చూసి ఎక్కడ పూడిందో చెప్పొచ్చు. చోక్ వేస్తే నడిచి, తీయగానే ఆగితే మెయిన్ జెట్. స్పీడు ఎక్కుతూ తగ్గుతూ ఊగిసలాడుతుంటే తక్కువ స్పీడుకి పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ సగం మూసుకుంది. ఎయిర్ ఫిల్టర్‌లోంచి పెట్రోలు కారుతుంటే గిన్నెలో తేలే ఫ్లోట్‌తో కదిలి పెట్రోలు ఆపే సూది సరిగ్గా కూర్చోవడం లేదు. స్కూటర్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్తే చాలామంది ముందు ప్లగ్ మారుస్తారు. విప్పిన చోట నాలుగు చుక్కల పెట్రోలు కూడా పోస్తారు కాబట్టి రెండు సెకన్లు అంటుకుంటుంది, ప్లగ్గే దోషం అనిపిస్తుంది. డబ్బులిచ్చి ఇంటికి తెచ్చాక మళ్లీ అదే కథ.

శుభ్రం చేయడం గంట పని. ప్లగ్ వైరు పీకేయాలి, ఇది మాత్రం మానొద్దు. పెట్రోలు ట్యాప్ కట్టేసి, గిన్నె కింద బోల్టు (సాధారణంగా 10 నంబరు పానా) విప్పాలి. గిన్నెతోపాటు సన్నటి రబ్బరు రింగు వస్తుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే తగిలితే అది ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు, ముందే పక్కన పెట్టాలి. మెయిన్ జెట్ నడిమి గొట్టంలో పైకి ఉంటుంది, కొన్నిటిలో గిన్నె బోల్టులోనే ఉంటుంది. దానికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి, ఇత్తడి గాడి అరిగిందా ఇక అది రాదు. రంధ్రంలో సూది, ఇనుప తీగ పెట్టొద్దు, సైజు పెరిగి ఇంజిన్ నల్లపొగ కక్కుతుంది. కరెంటు వైరులోని సన్నని రాగి పోగు ఒక్కటి చాలు. జెట్ వెనక ఉండే గొట్టానికి పక్కల చిన్న చిన్న చిల్లులుంటాయి, వాటినీ క్లీనర్‌తో కొట్టి వెలుతురుకి పట్టి చూడాలి. జెట్ ఒక్కటే కడిగి బిగించేవాళ్ల మిషన్ మళ్లీ ఆగేది ఈ చిల్లుల వల్లే.

మూలన పెట్టేముందు ట్యాప్ కట్టి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపమంటారు. మంచిదే కానీ అంతటితో సరిపోదు. జెట్‌కి అందని పెట్రోలు గిన్నె అడుగున మిగిలే ఉంటుంది, డ్రెయిన్ స్క్రూ విప్పి అదీ వంపేయాలి. ట్యాంకు కూడా ఖాళీ చేయాలి. క్యానులో నెల దాటిన పెట్రోలు దీనికి పోయొద్దు. బ్లేడు చూడ్డానికి మిషన్ని వంచినప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వంచాలి, లేకపోతే ఇంజిన్ ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగుతుంది.

కరెంటు మూవర్‌కి ఈ బాధ ఏదీ లేదు. నాలుగు నెలల తర్వాత తీసి స్విచ్ నొక్కినా తిరుగుతుంది. నాకు ఇంతకన్నా పెద్ద సుఖం లేదు. అయితే ఆ సుఖం వైరు మీద ఆధారపడి ఉంటుంది, అది కొన్నాకే తెలుస్తుంది. 1600 వాట్ల మోటారు దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది. 0.75 చదరపు మి.మీ. వైరు 30 మీటర్లు వేస్తే అందులోనే 11 వోల్టులు పోతాయి, 1.5 వైరైతే అందులో సగం. సాయంత్రం ఇంటి వోల్టేజీ 190కి పడిందంటే ఇండక్షన్ మోటారు బలం మూడో వంతు దాకా తగ్గుతుంది, తడిగడ్డిలో బ్లేడు ఆగిపోతుంది, మోటారు వేడెక్కి కటాఫ్ అవుతుంది. ఉదయం మంచు ఆరాక కోస్తే రెండు చిక్కులూ తీరతాయి. వైరు డ్రమ్ముకి చుట్టి ఉండగానే వాడేవాళ్లున్నారు, చుట్టలోనే వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. మొత్తం విప్పాలి. సాకెట్‌కి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా తడి నేల మీద దీన్ని నడపొద్దు. కోత సాకెట్ పక్క నుంచి మొదలుపెట్టి అవతలికి జరుగుతూ పోవాలి, అప్పుడు వైరెప్పుడూ కోసిన వైపే ఉంటుంది.

బ్లేడు మొద్దుబారితే పెట్రోలు ఇంజిన్ బలంతో లాక్కుపోతుంది, కరెంటు మోటారు లాగలేదు. కోసిన మర్నాడు గడ్డి కొసలు తెల్లగా చీలి కనిపిస్తే ఆకురాయి పట్టాలి. పట్టాక బ్లేడు నడిమి రంధ్రాన్ని గోడమేకుకి తగిలిస్తే ఏ వైపు బరువో తెలుస్తుంది, ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. బ్రష్ మోటారైతే కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి, కొనేటప్పుడే ఒక జత అదనంగా తీసుకోవడం మేలు.

బ్యాటరీవి కూడా ఉన్నాయి. వైరు గొడవ లేదు, సంతోషం. కానీ మే నెల ఎండలో షెడ్డులో పెట్టిన బ్యాటరీ చల్లబడేదాకా చార్జరు ఒప్పుకోదు. బ్యాటరీ మార్చాల్సి వచ్చిన రోజున దాని ధర అడిగి చూడండి.

నాది వంద గజాల లోపు లాన్, చదును నేల, గోడకి సాకెట్ ఉంది. అందుకే కరెంటుది. పెట్రోలుది అమ్మేయలేదు, జులైలో ఊరెళ్లి వచ్చేసరికి ఎదిగిపోయిన గడ్డికి మొదటి కోత దానితోనే. కడియం నుంచి తెచ్చి పరిచిన మెత్తటి మెక్సికన్ గడ్డి పాతిక ముప్పై గజాలే ఉంటే ఈ రెండూ అక్కర్లేదు, చేత్తో తోసే రీలు మూవర్ (చక్రాలతోపాటు తిరిగే బ్లేడ్లది) ఇంతకన్నా శుభ్రంగా కోస్తుంది. కరెంటు నమ్మకం లేని ఫామ్‌హౌస్ అరెకరానికి నా మాట పనికిరాదు, అక్కడ పెట్రోలే. ఇంటి దగ్గరైనా సాకెట్ నుంచి లాన్ చివరికి 30 మీటర్లు దాటితే వైరు సైజు 2.5కి పెంచాలి, దాని ధరా బరువూ కలుపుకుని లెక్క మళ్లీ వేసుకోండి.