కర్నూలులో ఇల్లు చూడబోతే

చీటీ డబ్బు, ఉద్యోగ విరమణప్పుడు అందిన డబ్బు కలిపి చిన్న ఇల్లు ఒకటి కొని అద్దెకివ్వాలని నా కోరిక. హైదరాబాదులో ఆ సొమ్ముకు నాకు నచ్చిన ఇల్లేదీ రాలేదు. కుళాయి చెడిపోయినా, అద్దెవాళ్లు ఖాళీ చేసినా పొద్దున బయలుదేరి మేమే వెళ్లి చూసుకోగలిగే ఊరు కావాలి. అందుకే 210 కిలోమీటర్ల దూరంలోని కర్నూలు. అన్నయ్య కారు నడిపాడు. బ్యాంకులో వేసుకుంటే చాలదా అని మా ఆయన పట్టుదల. జడ్చర్ల దాటేదాకా ఆయన నోరు విప్పలేదు.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఫోనులో గది 1,400 అన్నారు. దిగాక ఏసీ రిమోటుకు 300, మూడో మనిషి పరుపుకు 250 అన్నారు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే. మరకలున్న దుప్పటి మార్చమని రెండుసార్లు అడిగాను, మార్చలేదు. ఖాళీ చేసేటప్పుడు ఇంకో 200 కలిపి 2,150 కట్టించుకున్నారు. రసీదు అడిగితే "ఇష్టం లేకపోతే వేరే చోట దిగాల్సిందమ్మా" అన్నాడు గుమస్తా. పోయిన డబ్బుకన్నా ఆ మాటే ఎక్కువ బాధించింది.

ఇళ్లు చూపించే బ్రోకరును కుదిర్చిందీ ఆ గుమస్తానే. అప్పుడే అనుమానించాల్సింది. చూపించినందుకు ముందే 1,000 తీసుకుని, హంద్రీ నదికి దగ్గర్లో ఒక వీధికి తీసుకెళ్లాడు. కింద ఒక వాటా, పైన ఒక వాటా, కొత్త రంగు. ధర 48 లక్షలు. వాటాకు తొమ్మిది వేల చొప్పున నెలకు 18,000 వస్తుందని, అంటే ఏడాదికి నూటికి నాలుగున్నర అని అక్కడే లెక్క కట్టి చూపించాడు. మా ఆయన ముఖం కూడా కాస్త తేటపడింది.

అతను ఫోను వచ్చి గేటు దాటాడు. కింది వాటాలో అద్దెకున్న ఆవిడ నాకు మంచినీళ్లు ఇస్తూ మెల్లగా అడిగింది. "తొమ్మిది వేలని ఎవరు చెప్పారక్కా? మేమిచ్చేది ఆరు వేలు. పైవాళ్లు ఐదున్నర." రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే మరో 3,60,000 కలిపితే మాకు పడేది 51,60,000. నెలకు 11,500 అద్దెతో నూటికి మూడు కూడా రాదు.

ఆ తర్వాత ఆవిడ పక్కింటి ప్రహరీ చూపించింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ మునిగింది. అప్పుడు నీళ్లు నిలిచిన ఎత్తు దగ్గర ఆ ఇంటివాళ్లు గీత గీసి ఉంచారు. అది నా తలకన్నా మూరెడు పైన ఉంది. మేము చూస్తున్న ఇంటి గోడకు మాత్రం కొత్త రంగు! ఈ వీధికి నీళ్లే రాలేదని పది నిమిషాల ముందే నాతో ఒట్టు వేసినంత పనిచేశాడు బ్రోకరు. అడిగితే "పదిహేనేళ్ల నాటి మాట" అన్నాడు. వెయ్యి తిరిగివ్వలేదు. కర్నూలులో ఇల్లు చూసేవాళ్లు గదుల కొలతలకన్నా ముందు ఆ ఏడాది నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తెలుసుకోండి. అమ్మేవాళ్లను కాదు, ఇరుగుపొరుగున ఉన్న పెద్దవాళ్లను అడగండి.

మర్నాడు పొద్దున రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు 40. బొరుగులు మెత్తగా నాని, పప్పుల పొడి, నిమ్మరసం సమంగా పట్టి ఉన్నాయి. మా ఆయన రెండో ప్లేటు అడిగారు. ఆ బండి ఆమెనే ఇళ్ల గురించి వాకబు చేసి, బ్రోకరు లేకుండా సి క్యాంపు వైపు వెళ్లాం. అక్కడ 54 లక్షల ఇల్లు ఒకటి నచ్చింది. అద్దె 14,000. ఉంటున్నది నర్సు కుటుంబం. రసీదులు అడగకముందే తెచ్చి చూపించారు. వరద సంగతి ముగ్గురిని విడివిడిగా అడిగితే ముగ్గురూ రాలేదన్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే ఇక్కడా లెక్క నూటికి మూడు లోపే. అయినా ఆసుపత్రి, వైద్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉండదని నా నమ్మకం.

అనంతపురం కూడా చూసి వచ్చాం, ఏ ఇబ్బందీ లేదు. అయితే అది బెంగళూరులో ఉండేవాళ్లకు అనువు. మాకు ఇంకో 150 కిలోమీటర్లు ఎక్కువ. మూడు రోజులకు డీజిలు, టోలు కలిపి 5,600 అయింది.

సి క్యాంపు ఇంటికి 30 ఏళ్ల ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) కోసం మా ఆయనే దరఖాస్తు పెట్టారు. అది చేతికొచ్చాక మళ్లీ వెళ్తాం, రాత్రికి ఇంటికి తిరిగొచ్చేలా. ఆ లాడ్జి మెట్లు మాత్రం ఇక ఎక్కను.