థీసిస్ ఫోల్డరు అక్కడ, టెర్మినల్ ఇక్కడ: లేటెక్ ఎలా నడపడం మేలు?

హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ స్కాలర్ల థీసిస్‌లు, కాజీపేట నిట్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూర్చేవాళ్లకు ఈ తంటా తెలిసిందే. లేటెక్‌ను నడిపే మన స్క్రిప్టు ఒక ఫోల్డర్లో ఉంటుంది. సోర్స్ ఫైళ్లు ఎవరి పెన్‌డ్రైవ్‌లోనో, ల్యాబ్ సర్వర్లోనో ఉంటాయి. స్క్రిప్టును ఇక్కడి నుంచే నడపాలా, అక్కడికి వెళ్లి నడపాలా?

ముందు ఒక సంగతి. ప్రధాన ఫైలు ఎక్కడుందో లేటెక్‌కు పట్టదు. అధ్యాయాలనూ బొమ్మలనూ అది మీరు కమాండ్ కొట్టిన చోటు నుంచే వెతుకుతుంది. చిక్కులన్నీ ఇక్కడే పుడతాయి.

ఉన్నచోటే ఉండి ఫైలుకు పూర్తి పాత్ ఇస్తే ప్రధాన ఫైలు తెరుచుకుంటుంది, మొదటి అధ్యాయం దగ్గరే ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఒకే ఫైల్లో ఉన్న చిన్న డాక్యుమెంటు అయితే పని జరిగిపోతుంది, కానీ పీడీఎఫ్, లాగ్ (రన్ చిట్టా), ఆక్స్ (క్రాస్ రిఫరెన్సులు దాచే సహాయక ఫైలు) అన్నీ మీ ఫోల్డర్లో పడతాయి. అందరూ ప్రధాన ఫైలుకు ‘మెయిన్’ అనే పేరే పెడతారు కదా, రెండో స్కాలర్ పీడీఎఫ్ మొదటివారి దాన్ని చెరిపేస్తుంది. అంతకన్నా చెడ్డది, మొదటివారి ఆక్స్ ఫైలు, విషయసూచిక రెండోవారి మొదటి రన్‌లోకి వచ్చి చేరతాయి.

ఇక టెక్స్‌ఇన్‌పుట్స్ అనే వేరియబుల్. ఏయే ఫోల్డర్లలో వెతకాలో ఇందులో రాస్తాం. లినక్స్‌లో వాటి మధ్య కోలన్, విండోస్‌లో సెమీకోలన్. చివర ఆ గుర్తును పెట్టి వదిలేస్తేనే మామూలు దారులు కూడా కలుస్తాయి. మరిచిపోతే లేటెక్‌తోనే వచ్చే ఆర్టికల్ క్లాస్ కూడా దొరకలేదంటుంది! రెండు స్లాష్‌లు పెడితే లోపలి ఫోల్డర్లన్నీ వెతుకుతుంది. సుఖంగానే ఉంటుంది గానీ, ‘అధ్యాయం1’ రెండు చోట్ల ఉంటే ముందు దొరికిన దాన్ని తీసుకుని ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. ఇంకొకరి అధ్యాయం థీసిస్‌లో అచ్చయితే వైవాలో సంగతి మీరే ఊహించుకోండి. పైగా రిఫరెన్సుల జాబితా తయారు చేసే బిబ్‌టెక్ ఈ వేరియబుల్‌ను చూడదు, దానికి బిబ్‌ఇన్‌పుట్స్ విడిగా పెట్టాలి. అందరూ వాడే టైటిల్ పేజీ స్టైల్ ఫైలు లాంటివాటికి మాత్రం ఇంతకన్నా మంచి మార్గం లేదు.

నా ఓటు మూడోదానికి: ఫైలున్న చోటికే వెళ్లడం. లేటెక్‌ను కావలసినన్నిసార్లు తానే నడిపే లేటెక్‌ఎంకే అనే ప్రోగ్రాముకు హైఫన్ సీడీ అనే ఆప్షన్ ఉంది. అది ముందు సోర్స్ ఉన్న ఫోల్డర్లోకి వెళ్లి, అక్కడ పని చేస్తుంది. స్కాలర్ తన ఇంట్లో నడిపినప్పుడు ఎలా వచ్చిందో ఇక్కడా అలాగే వస్తుంది, అసలు కావలసింది అదే. తెలుగు కాబట్టి, యూనికోడ్‌ను నేరుగా తీసుకునే జీలేటెక్ ఆప్షన్ కూడా ఇవ్వాలి. విండోస్‌లో మిక్‌టెక్ అనే లేటెక్ కూర్పు వాడేవాళ్లు, లేటెక్‌ఎంకే నడవడానికి కావలసిన పెర్ల్ విడిగా వేసుకోవాలి. లేటెక్‌ఎంకే లేకపోతే షెల్ స్క్రిప్టులో ఫోల్డర్ మార్చే సీడీ కమాండును, జీలేటెక్‌ను కలిపి బ్రాకెట్లలో పెట్టండి. బ్రాకెట్ మూయగానే మొదట ఉన్న చోటే ఉంటారు. ‘ఫైనల్ థీసిస్ కొత్తది’ లాంటి ఫోల్డర్ పేర్లలో ఖాళీలు ఉంటాయి, కొటేషన్ గుర్తులు మరవొద్దు.

దీనికీ లోటుంది. ఆక్స్, లాగ్ చెత్తంతా వాళ్ల ఫోల్డర్లో మిగులుతుంది. అక్కడ రాసే అనుమతి లేకపోతే పని మొదలే కాదు. అప్పుడు ఫలితాలను వేరే ఫోల్డర్లో పెట్టే అవుట్‌పుట్ డైరెక్టరీ ఆప్షన్ కలపాలి. సీడీతో కలిపి లేటెక్‌ఎంకేలో వాడితే రిలేటివ్ పాత్‌ను (ఉన్న చోటు నుంచి మొదలయ్యే పాత్‌ను) సోర్స్ ఫోల్డర్ నుంచే లెక్కిస్తుంది, కాబట్టి పూర్తి పాత్ ఇవ్వండి. విడిగా జీలేటెక్‌తో నడిపితే, ఇంక్లూడ్ కమాండుతో తెచ్చిన అధ్యాయాల సబ్‌ఫోల్డర్లను అవుట్‌పుట్ చోట ముందే తయారు చేసి పెట్టుకోవాలి.

ఉన్న ఫోల్డరుకు ఒక మెట్టు పైనున్న ఫోల్డర్లోకి రాయమంటే బిబ్‌టెక్ ససేమిరా అంటుంది. అది భద్రత కోసం పెట్టిన అడ్డు. సెట్టింగ్ మార్చి దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బయటివాళ్ల ఫైళ్లు నడిపే మెషీన్‌లో ఆ పని చేయకండి.

ఫాంట్ల సంగతి వేరు. మన బమ్మెర పోతన పేరున్న పోతన2000నే తీసుకోండి. ఫాంట్లు ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో దానికి ఇచ్చిన రిలేటివ్ పాత్ కూడా నడిపిన చోటు నుంచే లెక్క. సీడీతో అది కుదురుతుంది, టెక్స్‌ఇన్‌పుట్స్‌తో కుదరదు. ఫాంటును సిస్టమ్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, పేరుతో పిలిస్తే పాత్ గొడవే ఉండదు.