పడమటి కిటికీకి జీబ్రా బ్లైండ్లు: నాలుగేళ్లు వాడాక

విజయవాడలో మా ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది, హాలు కిటికీ పడమటి వైపు ఉంది. ఆ కిటికీకి జీబ్రా బ్లైండ్లు బిగించి నాలుగేళ్లు దాటింది. కొత్తలో ఇంటికి వచ్చిన ప్రతివారూ వాటిని చూసి ఎక్కడ కొన్నారని అడిగేవారు, నేనూ ఉత్సాహంగా చెప్పేవాడిని. ఇప్పుడు కూడా అడుగుతున్నారు గానీ, నా జవాబు మునుపటంత చిన్నదిగా ఉండడం లేదు. బట్ట మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు, రంగు మీద అసలే లేదు. నా కోపమంతా పక్కన వేలాడే ఆ పూసల గొలుసు మీదే.

జీబ్రా బ్లైండు అంటే ఏమిటో ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి దాని నిర్మాణం జోలికి ఎక్కువగా పోను. దట్టమైన పట్టీ, పలుచని పట్టీ ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న బట్ట రెండు పొరలుగా దిగుతుంది. గొలుసు రెండు మూడు పూసల మేర లాగితే చాలు, పలుచని పట్టీలు ఎదురెదురుగా వచ్చి వెలుతురు పడుతుంది, ఇంకాస్త లాగితే మూసుకుపోతుంది. కర్టెన్ అయితే తెరవాలి, లేదా మూయాలి, మధ్యలో ఇంకో దారి లేదు. ఈ సౌకర్యం మాత్రం నిజంగా హాయినిచ్చింది. ఎదురు అపార్ట్‌మెంటు వాళ్లకు మన హాలు కనిపించకుండా, మనకు మాత్రం పత్రిక చదువుకునేంత వెలుతురు ఉండేలా సర్దుకోవడం కర్టెన్లతో ఎన్నడూ కుదరలేదు.

ఇక గొలుసు సంగతికి వస్తాను. ఆ గొలుసు మీద ఒకచోట బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన, రంగులేని ప్లాస్టిక్ ముక్క ఒకటి రెండు పూసల మధ్య బిగించి ఉంటుంది. దాన్ని స్టాపర్ అంటారు. బ్లైండు పూర్తిగా దిగాక ఆ ముక్క పైనున్న చక్రం పెట్టెకు తగిలి ఆగుతుంది, గొలుసు ఇక ముందుకు కదలదు. ఆ ముక్క లేకపోతే బట్ట మొత్తం విచ్చుకున్న తర్వాత కూడా గొట్టం తిరుగుతూనే ఉంటుంది. తిరిగి తిరిగి బట్టను రెండో వైపు నుంచి, అంటే తలకిందులుగా, చుట్టడం మొదలుపెడుతుంది. లాగేవారికి మాత్రం బ్లైండు మామూలుగా పైకి లేస్తున్నట్టే కనిపిస్తుంది. ఇంతటి బాధ్యతను అంత చిన్న ముక్క మీద మోపారన్న సంగతి బిగించిన కుర్రాడు చెప్పలేదు, కొట్టువాడు చెప్పలేదు, వారంటీ కాగితంలోనూ లేదు.

మూడో వేసవిలో మా బావగారు చూడవచ్చారు. మధ్యాహ్నం ఎండ ముఖం మీద పడుతుంటే ఆయనే లేచి గొలుసు లాగారు. అంతకు ముందే ఆ స్టాపర్ ఎండకు పెళుసెక్కి ఉందేమో, ఎక్కడో రాలిపోయింది, ఎవరమూ గమనించలేదు. బ్లైండు పూర్తిగా దిగింది, ఇంకా లాగారు, మెల్లగా పైకి లేవసాగింది. మూసుకోవలసింది తెరుచుకుంటోందని ఆయన ఇంకాస్త గట్టిగా లాగారు. గొట్టం మీద బట్ట ఎదురు దిశలో చుట్టుకుని, ఒక పక్కకు జరిగి, పైనున్న అల్యూమినియం పెట్టె అంచుకు రాసుకుంటూ నలిగింది. పట్టీలు ఒకదానికొకటి ఎదురు రావడం మానేశాయి. కిటికీకి ఎడమ వైపు మూసి, కుడి వైపు సగం తెరిచి, కింది కడ్డీ ఏటవాలుగా వేలాడుతూ మిగిలింది. ఇంటికి వచ్చిన బావగారిని ఏమనగలం? ఆయన మాత్రం సాయంత్రం వరకూ ఆ కిటికీ వైపు చూడకుండా కూర్చున్నారు.

కొట్టుకు ఫోన్ చేస్తే, 'చైన్‌కి వారంటీ ఉండదు సార్, మెకానిజం వరకే,' అన్నారు. గొలుసు లేకుండా మెకానిజం చేసే పని ఏమిటని అడిగితే, మనిషిని పంపిస్తాం, చూశాక చెబుతామన్నారు. గృహప్రవేశాల ముహూర్తాలు నడుస్తున్న రోజులు కాబట్టి ఆ మనిషి రావడానికి చాలా కాలం పట్టింది. అన్నాళ్లూ రోహిణి కార్తె ఎండ ఆ సగం సందులోంచి నేరుగా సోఫా మీద పడుతుంటే, గ్రిల్లుకు పాత దుప్పటి కట్టి నెట్టుకొచ్చాం. చదరపు అడుగు లెక్కన డబ్బు పోసి అలంకరించిన హాలులో దుప్పటి వేలాడుతుంటే మా ఆవిడ పడిన బాధ వేరు; ఎవరైనా వస్తున్నారంటే ముందు దాన్ని విప్పేది, వాళ్లు వెళ్లాక మళ్లీ కట్టేది.

చివరికి వచ్చిన కుర్రాడు స్టూలెక్కి, బ్రాకెట్ల క్లిప్పులు నొక్కి బ్లైండు మొత్తాన్ని కిందికి దింపాడు. నేల మీద పరిచి, బట్టను చేత్తో పూర్తిగా విప్పి, సరైన వైపు నుంచి తిన్నగా చుట్టి, మళ్లీ పైన తగిలించాడు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి గుప్పెడు స్టాపర్లు తీసి, అందులో ఒకటి గొలుసుకు నొక్కాడు. మొత్తం పని కాఫీ చల్లారేలోపు అయిపోయింది. వచ్చినందుకు చార్జీ తీసుకున్నాడు గానీ, స్టాపర్‌కు డబ్బు అడగలేదు. అడిగేంత ఖరీదైన వస్తువు కాదది. నా కోపం సరిగ్గా అక్కడే. జేబులో గుప్పెళ్లకొద్దీ ఉండే ఆ ముక్కలు రెండు, బ్లైండు కొన్నప్పుడే ఒక చిన్న పొట్లంలో వేసి ఇచ్చి, ఇది రాలితే లాగకండి అని ఒక్క మాట చెబితే కొట్టువాడి సొమ్మేం పోతుంది? చొక్కా కొంటే అదనపు బొత్తాం కుట్టి ఇస్తున్న రోజుల్లో ఉన్నాం. ఆ కుర్రాడిని అడిగి ఇంకో రెండు తీసుకుని సొరుగులో దాచాను, వాటిలో ఒకటి ఇప్పటికే పనికొచ్చింది.

ఎదురు చుట్టుకున్నప్పుడు నలిగిన చోట బట్ట అంచు పోగులు లేచింది, అది ఇక పోదు. పైగా ఆ తర్వాత కొద్ది కాలానికే క్లచ్ బలహీనపడింది. గొలుసు పూసలు పళ్ల చక్రంలో కూర్చుని తిరుగుతుంటాయి, గొట్టం తనంతట తాను జారకుండా లోపల ఒక స్ప్రింగు పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలితే సగం ఎత్తిన బ్లైండు మీరు చూస్తుండగానే కొద్దికొద్దిగా దిగిపోతుంది. క్లచ్ మార్పించుకోవచ్చు, మార్పించాను కూడా. అయితే మీ గొలుసు ప్లాస్టిక్‌దా, స్టీలుదా, పూస ఎంత లావు ఉంది అన్నది చక్రం పళ్లకు సరిపోవాలి. 4.5 మిల్లీమీటర్ల పూస సర్వసాధారణం గానీ, కొట్టులో అన్నీ అవే ఉంటాయని భరోసా లేదు, పాత గొలుసు ముక్క ఒకటి చేతిలో పట్టుకుని వెళ్లడం మంచిది.

గొలుసు గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. మా అమ్మాయి అమెరికా నుంచి పిల్లతో వచ్చినప్పుడు, హాలులోకి అడుగుపెట్టగానే చేసిన మొదటి పని ఆ గొలుసును ముడివేసి పైకి కట్టేయడం. వేలాడే గొలుసు ఉచ్చు పిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన సంఘటనలు అక్కడ ఎన్నో జరిగాయి, అందుకే రెడీమేడ్ బ్లైండ్లకు 2018 డిసెంబరు నుంచి, కొలతలిచ్చి చేయించుకునేవాటికి 2024 జూన్ నుంచి వదులుగా వేలాడే తాళ్లు ఉండకూడదన్న ప్రమాణం అక్కడ అమలులోకి వచ్చింది. మన దగ్గర గొలుసు ఎంత పొడవుంటే అంత గొప్ప అన్నట్టు నేల దాకా వదిలేస్తున్నారు. గొలుసు కింది వంపును గోడకు బిగించి ఉంచే చిన్న హోల్డరు ఒకటి దొరుకుతుంది. మా బ్లైండుతో పాటు అదీ వచ్చింది, బిగించినవాడు దాన్ని పెట్టెలోనే వదిలేసి వెళ్లాడు. ఇప్పుడు రెండు స్క్రూలతో గోడకు పట్టించాను. ఇంట్లో పాకే పిల్లలు, నడక నేర్చిన పిల్లలు ఉన్నవారు ఈ పని రేపటికి వాయిదా వేయవద్దని నా మనవి. వీలైతే గొలుసే లేని రకం, కింది కడ్డీ పట్టుకుని ఎత్తి దించేది, కొంచెం ధర ఎక్కువైనా అదే తీసుకోవాలి.

వేడి విషయంలో నేను మొదట చెప్పిన మాటలను కూడా కొంత తగ్గించుకోవాలి. బ్లైండు దించితే హాలు చల్లబడుతుందని చాలామందికి చెప్పాను. తీవ్రత తగ్గుతుంది, నిజమే; కానీ మధ్యాహ్నం మూడు దాటాక పడమటి ఎండ సన్‌షేడ్ కిందుగా నేరుగా అద్దం మీద పడుతుంది, అద్దం దాటి లోపలికి వచ్చిన తర్వాతే బ్లైండు దాన్ని ఆపుతుంది. అప్పటికే వేడి గదిలోకి వచ్చినట్టే. సాయంత్రం అయిదింటికి బట్ట మీద అరచెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, బ్లైండుకూ అద్దానికీ మధ్య చెయ్యి పోనిస్తే అక్కడి గాలి మరీ వేడి. అదే గోడకు ఆనుకుని ఉన్న బాల్కనీకి వెదురు తెర కట్టించాం. అది అద్దానికి బయట ఎండను ఆపుతుంది, పైగా గాలి ఆడుతుంది. ఖర్చులో బ్లైండుకు దరిదాపుల్లోకి రాని ఆ తెర ఉన్న వైపు గదే చల్లగా ఉంటోంది. అయితే దానికీ ఆయుష్షు తక్కువే. రెండు వానాకాలాలకు దారాలు చివికాయి, ఒకసారి మార్చాం. బయట తెరలు కట్టడానికి అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోవాలి కూడా. మా సంఘం రంగు ఒక్కటే ఉండాలన్న షరతుతో ఒప్పుకుంది, అందరి అదృష్టం అలా ఉండకపోవచ్చు.

గాలికి కూడా బ్లైండు పనికిరాదు. కిటికీ తెరిచి బ్లైండు దించితే, కృష్ణ వైపు నుంచి సాయంత్రం గాలి వీచినప్పుడల్లా కింది కడ్డీ గ్రిల్లుకు టకటకా కొట్టుకుంటుంది. అంటే ఏసీ వేసుకుని తలుపులు బిగించుకున్న ఇళ్లకు ఇది తగిన వస్తువే గానీ, గాలి కోసం కిటికీ తెరుచుకునే ఇళ్లకు కాదు. శుభ్రం చేయడం మరో తంటా. హాలుకు ఆనుకుని వంటగది ఉండడంతో తాలింపు పొగ జిడ్డు పలుచని పట్టీల మీద పేరుకుని, తెల్లనివి లేత పసుపుకు తిరిగాయి. ఉతకడానికి వీల్లేదు, తడిగుడ్డతో అద్దడమే. పైనున్న పెట్టెలో బల్లులు కాపురం పెట్టాయన్న సంగతి బ్లైండు దించిన రోజున తెలిసింది, దాని గురించి ఎక్కువ రాయను.

పడకగదులకు మాత్రం కర్టెన్లే ఉంచుకున్నాం. తూర్పు గదికి పెడన కలంకారీ నూలు బట్ట కొని కుట్టించాం. కుట్టించే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టమని దర్జీ చెప్పిన మాట విన్నందుకు మేలు జరిగింది, నూలు మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. కిటికీ వెడల్పుకు రెండింతల బట్ట తీసుకుంటే తప్ప కుచ్చిళ్లు నిండుగా రావు, ఇక్కడ పొదుపు చేస్తే కర్టెన్ దుప్పటిలా కనిపిస్తుంది. రెడీమేడ్ కొనేవారికి అయిదు, ఏడు, తొమ్మిది అడుగుల పొడవులే ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి, రాడ్ ఎత్తును బట్టకు తగ్గట్టు బిగించుకోవడం తెలివైన పని. ఉదయపు ఎండ పడే వైపు కలంకారీ ఎరుపు కాస్త వెలిసింది, వెనక లైనింగు వేయించి ఉంటే ఇంకొంతకాలం నిలిచేది. అయినా మాసితే విప్పి ఉతుక్కోవచ్చు, రింగు విరిగితే దర్జీ మార్చి ఇస్తాడు, ఎవరినీ ఫోన్‌లో బతిమాలనక్కరలేదు.

ఇంతా రాసి హాలు బ్లైండ్లు తీసేశానా అంటే, లేదు. ఎదురింటి కిటికీలు దగ్గరగా ఉన్న మా పరిస్థితిలో పట్టీలను సర్దుకునే ఆ సౌకర్యానికి ఇంకో ప్రత్యామ్నాయం నాకు దొరకలేదు. మీ కిటికీ ఉత్తరం వైపో తూర్పు వైపో ఉండి, ఇంట్లో చిన్నపిల్లలు లేక, ఏసీ గది అయితే నా ఫిర్యాదుల్లో సగం మీకు వర్తించకపోవచ్చు. పడమటి కిటికీ అయితే ముందు అద్దానికి బయట ఏం కట్టగలరో చూసుకుని, ఆ తర్వాత లోపలి సంగతి ఆలోచించండి. కొట్టులో బట్టల పుస్తకం తిరగేసే ముందు ప్రదర్శనకు పెట్టిన బ్లైండును పూర్తిగా దించి, అది ఎక్కడ ఆగుతుందో, దేనివల్ల ఆగుతుందో చూడండి. స్టీలు గొలుసు, విడి స్టాపర్లు, గోడ హోల్డరు, ఈ మూడూ బిల్లులో రాయించుకోండి. క్లచ్ మార్చాలంటే ఎంతవుతుందో కూడా ఆరోజే అడగండి. అమ్మకం కాకముందు చెప్పే ధరకూ, పాడయ్యాక చెప్పే ధరకూ మా అనుభవంలో చాలా తేడా ఉంది.