కుర్చీ వద్దండీ: విశాఖ, అరకు, నాలుగు రోజులు

విశాఖపట్నంలో రైలు దిగీ దిగగానే నాకోసం చక్రాల కుర్చీ వచ్చింది. నా తెల్ల కర్ర చూసి ఎర్రచొక్కా పోర్టరు ఒకాయన పరుగున తోసుకొచ్చాడట. "నా కాళ్ళు బాగానే ఉన్నాయి బాబూ, పోయినవి కళ్ళు" అన్నాను. "పర్లేదు సార్, కూర్చోండి" అన్నాడు. "ఏమంటున్నాడ్రా?" అని అక్క గట్టిగా అడిగింది. ఆవిడకు సరిగా వినపడదని అర్థమయ్యాక, ఆయన కుర్చీని నా దగ్గర్నుంచి ఆవిడ వైపు తిప్పాడు! చివరికి అందులో మా రెండు సూట్‌కేసులు కూర్చున్నాయి. వాటి వెనక మేమిద్దరం నడిచాం.

మా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు చిన్నతనంలో రేచీకటితో మొదలైంది. సినిమా హాల్లో సీటు దొరక్క తడుముకునేవాణ్ణి. తర్వాత పక్కచూపు పోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండేది. నలభై దాటాక ఆ గొట్టమూ మూసుకుపోయింది. రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది, రెండు చెవులకూ మిషన్లు. "మిషన్ ఉందిగా, ఇక వినపడుతుందిగా" అంటారు అందరూ. మిషన్ చప్పుడును పెంచుతుంది. చుట్టూ గోలగా ఉంటే ఆ గోలనూ మాటతో పాటే పెంచుతుంది. అందుకని అక్క సగం చెవులతో, సగం పెదాలు చూసి వింటుంది. మాట్లాడేవాళ్ళు ఎదురుగా, వెలుతురులో ఉండాలి. వెలుతురు లేనిచోట, గోలగా ఉన్నచోట మేం ఒకరి అరచేతిలో ఒకరం వేలితో తెలుగు అక్షరాలు రాసుకుంటాం. ఒత్తులు మింగేస్తాం.

విజయవాడ నుంచి రత్నాచల్‌లో ఏసీ చైర్ కార్ ఎక్కాం. పూర్తిగా చూపు లేనివాళ్ళకు ఈ తరగతిలో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చే మనిషికీ అంతే. వినికిడి ఒక్కటే పోయినవాళ్ళకు మాత్రం లేదు. మాట కూడా రానివాళ్ళకే ఇస్తారు. అక్కకు మాట బ్రహ్మాండంగా వచ్చు, అదే ఆవిడ కొంప ముంచింది. అందుకని నాకు తోడుగా రాయితీ పొందింది. దారిలో సమోసాలవాడు వచ్చాడని ఆవిడకు చెప్పింది నేనే. ఎవరు ఎవరికి తోడో రైల్వేవాళ్ళకు వివరించడం కష్టం.

వైజాగ్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పాత లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. పక్కపక్కన, మొదటి అంతస్తులో. లిఫ్ట్ లేదు, ర్యాంప్ లేదు. కానీ గది తలుపు మీద నంబరు ఇత్తడి రేకులో పైకి పొడుచుకొచ్చి ఉంది, వేలితో చదువుకున్నాను. స్విచ్‌లు టక్కుమనే పాతకాలం స్విచ్‌లు. తాళంచెవి అసలైన తాళంచెవి. కౌంటర్లో కుర్రాడు ఒక్కటే అడిగాడు: "మేడమ్‌కి ఇంటర్‌కామ్ వినపడకపోతే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టనా?" ఇన్నేళ్ళుగా ఎన్నో హోటళ్ళు తిరిగాం. ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. టిఫిన్ రెడీ అని, కారు వచ్చిందని, అక్కడున్నన్ని రోజులూ అక్క ఫోన్‌కు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. గదిలో దోమలున్నాయి, బాత్రూమ్ గచ్చు జారుతుంది. అయినా నా లెక్కలో పదికి ఎనిమిది.

సాయంత్రం ఆర్కే బీచ్. నాకు పండగ. అల విరిగే చోటు నుంచి దూరం తెలుస్తుంది, పిల్లల అరుపుల్ని బట్టి నీళ్ళు ఎంతవరకు వస్తున్నాయో తెలుస్తుంది. అక్కకు మాత్రం బీచ్ అంటే నరకం. గాలి మిషన్ మైకుల్లో దూరి చెవిలో తుపాను లేపుతుంది. రెండూ తీసి డబ్బాలో పెట్టుకుని, పూర్తి నిశ్శబ్దంలో సముద్రం చూస్తూ కూర్చుంది. ఆ డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఉంటుంది. వైజాగ్ చెమటకు చెవి మిషన్లు మూగబోతాయి కాబట్టి రాత్రిళ్ళు అందులోనే పెట్టాలి. బ్యాటరీలు కూడా సరిపడా మోసుకెళ్ళండి. స్టిక్కరు పీకగానే గాలి తగిలి పని మొదలుపెట్టే రకం అవి, ఒకసారి పీకాక వాడినా వాడకపోయినా అరిగిపోతాయి.

మురీ మిక్చర్ బండి దగ్గర నోటు తీశాను. కొత్త నోట్ల అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి, వందకు నాలుగు, ఐదువందలకు ఐదు. నోటు కొత్తగా ఉన్నంతకాలం వేలికి తెలుస్తాయి. చేతులు మారి నలిగిన నోటైతే తెలియవు. అప్పుడు రిజర్వ్ బ్యాంకు వాళ్ళ మణి యాప్ ముందు పెడితే ఎంత నోటో పైకి చెబుతుంది, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. నేను యాప్ తెరిచేలోగా బండి ఆయనే "ఐదువందలు సార్, చిల్లర లేదు" అన్నాడు. ఆ రోజుకు అది చాలు.

మర్నాడు అరకు. కొత్తవలస - కిరండూల్ లైను మీద పోయే రైల్లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెకు పూర్తి టికెట్టు కొన్నాం. గుడ్డివాడు కిటికీ సీటుకు డబ్బెక్కువ కట్టాడని మీరు నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుకున్నాను. తీరా చూస్తే గిట్టుబాటే అయింది. ఈ లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. రైలు సొరంగంలోకి దూరగానే గాలి చెవుల్ని మూసేస్తుంది, చక్రాల చప్పుడు చుట్టూ గోడలకు కొట్టుకుని మీద పడుతుంది. బయటపడగానే ఆ చప్పుడంతా ఎవరో లాగేసినట్టు లోయలోకి జారిపోతుంది. లోయ ఎంత లోతో నాకు తెలిసేది అలాగే. ఇరవై రెండు దాకా లెక్కపెట్టి తప్పాను. సొరంగం వచ్చినప్పుడల్లా అక్క మిషన్ సౌండ్ తగ్గించుకునేది. బయటికి రాగానే పెంచుకుని, చూసినవి చెప్పేది. "పసుపు రా, కొండంతా వలిసె పూలు. మన పెరట్లో బంతిపూలలా కాదు, ఎవరో పసుపు ఒలకబోసినట్టు." శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉందని బోర్డు చదివి చెప్పింది. తర్వాత సొరంగం వస్తే సగం మాట అరచేతిలో రాసింది.

అరకులో బసే మా ప్రయాణంలో ఎక్కువ ఖర్చయినది, ఎక్కువ విసిగించినది కూడా. పేరు చెప్పను, ప్రైవేటు రిసార్టు. దివ్యాంగులకు అన్ని సౌకర్యాలూ ఉన్నాయని ఫోన్‌లో గట్టిగా చెప్పారు. వెళితే నిజంగానే గేటు నుంచి గది దాకా చక్కని ర్యాంప్, వెడల్పాటి తలుపులు, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు నేను కళ్ళు మూసుకుని సిఫారసు చేస్తాను (నాకు అది సులువే). మా గతి వేరు. స్విచ్‌లన్నీ నున్నటి గాజు పలక మీద టచ్ బటన్లు. ఏది ఫ్యానో, ఏది గీజరో వేలికి అందదు. తడిమితే చాలు అన్నీ వెలుగుతాయి. డిసెంబరు చలిలో అర్ధరాత్రి ఫ్యాన్ వేసుకుని, ఆపడం తెలియక దుప్పటి ముసుగేసి పడుకున్నాను. షాంపూ, సబ్బు సీసాలు రెండూ ఒకే ఆకారం. షాంపూకు రబ్బరు బ్యాండు చుట్టడం నా పాత అలవాటు, అది ఇక్కడా ఆదుకుంది.

అక్కకు జరిగింది ఇంకా అన్యాయం. వేడినీళ్ళు కావాలన్నా, కాఫీ కావాలన్నా ఇంటర్‌కామ్‌లోనే చెప్పాలి. పొద్దున్నే కుర్రాడు వేడినీళ్ళ బకెట్ తెచ్చి ఆవిడ తలుపు మూడుసార్లు తట్టి వెళ్ళిపోయాడు. గోడ అవతల మంచం మీద ఆ మూడు తట్లూ నాకు వినిపించాయి. నేను కర్ర వెతుక్కుని బయటికి వచ్చేసరికి బకెట్ లేదు, కుర్రాడూ లేడు. బెల్ కొడితే గదిలో లైటు వెలిగే ఏర్పాటు ఏమంత ఖరీదు? మేనేజరుతో అంటే, "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్, వీల్‌చెయిర్ కావాలంటే వెంటనే పంపిస్తాం" అన్నాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కగట్టింది. ఆ రిసార్టు లెక్కలో ఒకటే.

భోజనాల దగ్గర వెయిటరు అక్కను అడిగాడు, "సార్ ఏం తింటారు మేడమ్?" నన్ను అడగరు, ఎప్పుడూ పక్కవాళ్ళనే అడుగుతారు. అక్క అతని వైపు చూడట్లేదు, ఏదో అడిగాడని మాత్రం తెలిసింది. "చెయ్యి కడుక్కునే చోటు అదిగో, అటు" అని అతనికే చూపించింది. నేను బొంగులో చికెన్ చెప్పుకున్నాను. వెదురు బొంగులో నూనె లేకుండా కాల్చిన ముక్కలు, ఆకు వాసనతో బాగున్నాయి. ఎముకలు మాత్రం చూసుకోవాలి, అంటే తడుముకోవాలి. బయట కాఫీ బండి దగ్గర గాజు గ్లాసులో తాగిన కాఫీ రిసార్టులో ఇచ్చినదానికంటే నాలుగు రెట్లు నయం. గిరిజన మ్యూజియం గురించి అక్కనడిగితే "అన్నీ అద్దాల వెనక ఉంటాయట రా" అంది. వెళ్ళలేదు.

తిరుగు ప్రయాణంలో కారు మాట్లాడుకుని బొర్రా గుహలకు వెళ్ళాం. యాప్‌లో బండి పిలవడం మాకు పెద్ద తతంగం. డ్రైవరు ఫోన్ చేస్తే అక్క వినలేదు, బండి నంబరు నేను చూడలేను. ఇద్దరం కలిస్తే ఒక ప్రయాణికుడు అవుతాం. అందుకని లాడ్జి కుర్రాడికే చెప్పి మనిషిని మాట్లాడుకున్నాం.

బొర్రాలో తడి మెట్లు చాలా ఉన్నాయి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంది. లోపలికి దిగుతుంటే గబ్బిలాల వాసన, చల్లటి తేమ. నాలుకతో టక్‌మని చప్పుడు చేసి వింటే పైకప్పు ఎంత ఎత్తుందో తెలిసింది. అంత పెద్ద గది నేనెప్పుడూ వినలేదు. గైడ్ మాత్రం "చూడండి సార్, అచ్చం ఏనుగు. ఇటు చూడండి, శివపార్వతులు" అంటూ పోతున్నాడు. "ఎంత ఎత్తుంది, నాకెంత దూరంలో ఉంది, అది చెప్పు బాబూ" అంటే మొదట తికమకపడ్డాడు, తర్వాత హుషారొచ్చింది. జనం చేతులు పడీపడీ నున్నబడిన ఒక రాయి దగ్గరికి తీసుకెళ్ళి తాకనిచ్చాడు. తడిసిన కొవ్వొత్తిలా ఉంది. ఎక్కడో చుక్క పడుతోంది. ఆ చుక్కే సున్నాన్ని మోసుకొచ్చి వేల ఏళ్ళుగా ఈ స్తంభాలు కడుతోంది కదా, దాన్ని వింటూ నిలబడిపోయాను.

అక్క నా మోచెయ్యి గిల్లింది. గుహలో ప్రతి మాటా పది మాటలై మోగుతుంటే ఆవిడ మిషన్‌లో అదంతా ఒకే హోరు. రంగు లైట్ల మసక వెలుగులో గైడ్ పెదాలు కనపడవు. అరచేతిలో 'ఏమంటున్నాడు' అని రాసింది. ఏనుగు అని రాశాను. 'ఎక్కడ' అని రాసింది. నాకేం తెలుసు?

చివరి రోజు మధ్యాహ్నం కురుసుర జలాంతర్గామి. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియం అయింది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇనుప కంతల గుండా వంగి, కాలు ముందు పెట్టి దూరాలి. దివ్యాంగుల సౌకర్యాల పట్టిక ఏదైనా పట్టుకుని చూస్తే సున్నా మార్కులు పడే చోటు. మా ఇద్దరికీ ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చింది అదే. ఎటు చెయ్యి చాపినా ఏదో ఒకటి తగులుతుంది: చక్రాలు, గొట్టాలు, మీటలు, టార్పెడో గొట్టాల చల్లటి మూతలు, ఒకదానిమీద ఒకటి వేలాడే పడకలు. గైడ్లు నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్ళు. మాకు దొరికిన పెద్దాయన, ఇరుకు కాబట్టి వేరే దారి లేక, అక్క ముఖానికి రెండడుగుల దూరంలో, లైటు కింద నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. అక్క ఒక్క మాట కూడా పోగొట్టుకోలేదు. పైగా నీళ్ళలో లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి ఎంతవుతుందో లెక్కగట్టి ఆయన్నే ప్రశ్నలు అడిగింది.

బయటికి వచ్చి నీడలో నిలబడ్డాం. పక్కన చక్రాల కుర్చీలో ఒకాయన ఉన్నాడని అక్క అరచేతిలో రాసింది. మనవలు లోపలికి వెళ్ళారట, ఆయన అరగంటగా ఎదురుచూస్తున్నాడు. శ్రీకాకుళం వైపు మాట. "లోపలెలగుంది బాబూ?" అని అడిగాడు. ఆయనకు నా కర్ర కనపడే ఉంటుంది, అయినా అడిగాడు. టార్పెడోల దగ్గర్నుంచి మొదలుపెట్టి వంటగది దాకా చెప్పాను, నా చేతులకు గుర్తున్నంత వరకు. ఆయన మధ్యలో ఆపి, "అంతమంది పడుకునేవాళ్ళు కదా, పడక ఎంతుంటాది?" అన్నాడు. నేను రెండు చేతులూ చాపి, లోపల తడిమినప్పటి కొలత గుర్తు తెచ్చుకుని, కాస్త దగ్గరికి జరిపి చూపించాను.

"అంతేనా!" అన్నాడు.