అనంతగిరికి సైకిల్ దారి: పటం చెప్పని సంగతులు

హైదరాబాదు నుంచి వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు సైకిల్ మీద వెళ్లాలనుకునే వారికి అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట, ఫోనులోని పటంలో గీత కనిపించిన చోటల్లా దారి ఉండదని. ఈ సంగతి తెలిపేవారు లేకనే నేనూ, మా బావమరిదీ, ఆఫీసు మిత్రుడొకరూ ఒక మధ్యాహ్నమంతా రేగడి బురదలో సైకిళ్లు మోయవలసి వచ్చింది.

తిన్నగా బీజాపూర్ రోడ్డు ఉండగా పల్లె దారులెందుకని ఎవరైనా అడగవచ్చు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా సాగే ఆ దారి పొడవునా మర్రి చెట్ల నీడ ఎంత హాయిగా ఉన్నా, ఇరుకైన రోడ్డు మీద కంకర టిప్పర్ల పక్కన సైకిల్ తొక్కడం ప్రాణాలతో చెలగాటమే. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొన్న ఘోరం తరువాత మా ఇంట్లో ఆ దారి పేరెత్తనివ్వడం లేదు. అందుకే నార్సింగి, శంకరపల్లి, నవాబుపేట మీదుగా వెళ్లాలని నిశ్చయించుకున్నాం. ఔటర్ రింగు రోడ్డును ఆనుకుని 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీదా, ఆ తరువాత శంకరపల్లి వరకూ ప్రయాణం సుఖంగానే సాగింది.

కష్టాలు మొదలైంది ఆ తరువాతే. ద్విచక్ర వాహనాల దారి చూపమంటే ఫోను నాలుగు కిలోమీటర్లు కలిసివచ్చే అడ్డదారి చూపింది. నున్నటి తారు రోడ్డు, రెండు పక్కలా కొత్తగా నాటిన మొక్కలు, చివర గొలుసు చుట్టి తాళం వేసిన నల్లటి ఇనుప గేటు. "ఇది వెంచర్ లోపలి రోడ్డు సార్, అవతలికి తొవ్వ లేదు" అన్నాడు కావలి మనిషి. ఉపగ్రహ చిత్రాలను చూసి గీసే పటాల్లో ప్లాట్ల మధ్య వేసిన ఇలాంటి రోడ్లు అసలైన ఊరి దారికంటే వెడల్పుగా, స్పష్టంగా కనిపిస్తాయి; గేటు మాత్రం పై నుంచి కనిపించదు.

వెనక్కి మళ్లి పట్టుకున్న రెండో గీత ఒక బండ్ల బాట. ముందు రాత్రి వాన పడింది. రేగడి మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుపోయి చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకి తీస్తే పది అడుగులకే మళ్లీ అదే పరిస్థితి. చివరికి ఆ బాట పత్తి చేనులో కలిసిపోయింది. చేనులో ఉన్న పెద్దాయన, "నక్షల బాట ఉన్నది బిడ్డా, ఎవలో దున్నుకున్నరు" అని చెప్పి, గెట్ల మీదుగా తారు రోడ్డు దాకా తానే దారి చూపాడు. మా బావమరిది అప్పటికే మాట్లాడడం మానేశాడు. నవాబుపేట వైపు ఒక చిన్న హోటల్లో వేడి జొన్న రొట్టె, పుంటికూర పప్పు, వెల్లుల్లి కారం వడ్డించాక గానీ అతని నోట మాట రాలేదు. ముగ్గురికీ కలిపి 240 రూపాయలు. రొట్టె చల్లారిందని ఆ తల్లి అడగకుండానే మార్చి ఇచ్చింది.

కొండ దగ్గరి బసలో మాత్రం మోసమే జరిగింది. ఫోనులో 2,200 అని ఒప్పుకున్న గదికి కౌంటరు దగ్గర 2,600 అడిగారు. పైగా మెట్ల కింద సైకిళ్లు పెట్టుకోవడానికి ఒక్కోదానికి 150 వసూలు చేశారు. అడిగితే, ఇష్టం లేకపోతే వేరేచోట చూసుకోమన్నారు. చీకటి పడ్డాక అలసిన మనిషి వేరేచోటికి వెళ్లలేడని వారికి తెలుసు. సైకిల్ రుసుముతో సహా మొత్తం ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోవడం తప్పనిసరి.

దారి విషయంలో నా సలహా ఒకటే: పల్లెవెలుగు బస్సు ఏ ఊళ్ల మీదుగా పోతుందో కనుక్కుని ఆ ఊళ్లనే కలుపుకుంటూ వెళ్లాలి. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా తారు రోడ్డు ఖాయం. నారింజ రంగు తల ఉన్న కిలోమీటరు రాయి కనిపిస్తే అది ప్రభుత్వం వేసిన గ్రామీణ రోడ్డే. వానాకాలంలో రైలు పట్టాల కింది అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయేమో పక్క ఊరి కిరాణా దుకాణంలో అడగనిదే ముందుకు సాగవద్దు.

ఎవరైనా సరిదిద్దడానికి వీలున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ గేటునూ, చేనులో కలిసిపోయిన బాటనూ తిరిగి రాగానే నమోదు చేశాను. ఆ వైపు తొక్కేవారు తాము చూసిన అడ్డంకులను కూడా అందులో చేర్చాలని కోరుతున్నాను.