ఏథెన్స్ మారథాన్ రివ్యూ: బాల్దీని గెలిచిన రూట్, టైమ్ కోసం మాత్రం పోకండి

నవంబర్‌లో జరిగే ఏథెన్స్ మారథాన్ ఎలా ఉంటుంది, అంత ఖర్చు పెట్టుకుని పోవచ్చా అని మా రన్నింగ్ గ్రూపులో అడుగుతూనే ఉన్నారు, అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా. పీబీ (మన పర్సనల్ బెస్ట్ టైమ్) కొట్టాలనుంటే వద్దు, బెర్లిన్ లాంటి ఫ్లాట్ కోర్సు చూసుకోండి. మారథాన్ పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రం ఒక్కసారన్నా పోవాల్సిందే.

నేను పోయింది స్టెఫానో బాల్దీని కోసం. 2004 ఒలింపిక్స్‌లో మారథాన్ గోల్డ్ కొట్టిన ఇటలీ ఆయన, పరిగెత్తింది ఈ రూట్‌లోనే, మారథోనాస్ ఊళ్ళో మొదలై ఏథెన్స్‌లో పానథెనాయిక్ స్టేడియం దాకా. టైమ్ 2:10:55 (2 గంటల 10 నిమిషాల 55 సెకన్లు). కెన్యా రన్నర్ కిప్టుమ్ 2023లో కొట్టిన 2:00:35 చూసిన కళ్ళకి ఇది ఏం ఆనదు, ఒలింపిక్ గోల్డ్ ఇంత స్లోనా అంటారు. అలా అనేవాళ్ళని ఒకసారి ఈ రోడ్డు మీద వదలాలి.

మొదటి 10 కిలోమీటర్లు హాయిగానే పోతాయి. మధ్యలో, పాత యుద్ధంలో చనిపోయిన ఏథెన్స్ సైనికుల సమాధి దిబ్బ చుట్టూ తిప్పి తీసుకొస్తారు, రోడ్డు పక్కన ముసలమ్మలు ఆలివ్ కొమ్మలు చేతికిస్తారు, పిల్లలు బ్రావో బ్రావో అని అరుస్తుంటారు, మనం కూడా ఊపులో పేసు పెంచేస్తాం. అసలు కథ తర్వాత. అక్కణ్ణుంచి 31వ కిలోమీటరు దాకా దాదాపు అంతా ఎక్కుడే. హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్ ఎక్కితే దిగుడు కూడా వస్తుంది కదా, ఇక్కడ అంత దయ లేదు, కాస్త దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతుంది. 31 దాటాక సిటీలోకి దిగుడే కానీ అప్పటికి తొడలు రాయిలా అయిపోయుంటాయి, దిగుడు కూడా నొప్పే.

ఆ రోడ్డు మీద బాల్దీని సగటు కిలోమీటరుకి 3 నిమిషాల 6 సెకన్లు. అదీ ఆగస్టు 29న, సాయంత్రం 6కి స్టార్ట్, వేడి ఇంకా దిగలేదు. ముందు పోతున్న బ్రెజిల్ వాండర్లీ డి లిమాని 35 కిలోమీటర్లు దాటాక ఒకడు మీదపడి జనంలోకి తోసేశాడు, అది అందరికీ గుర్తే. అందుకే బాల్దీనిది లక్కు అనేవాళ్ళున్నారు, నేనైతే ఒప్పుకోను. లిమా లీడు అప్పటికే తగ్గుతూ ఉంది, వెనకాల బాల్దీని దిగుడులో పూర్తి స్పీడు మీదున్నాడు. లిమాకి జరిగింది అన్యాయమే, అది వేరే సంగతి. పైగా ఈ కోర్సు మీద ఆ టైమ్ పదేళ్ళు రికార్డుగా నిలబడింది, 2014లో ఫెలిక్స్ కాండీ 2:10:37తో కొట్టాడు, అదీ నవంబర్ చలిలో.

బాల్దీని కెరీర్ అంతా ఇదే లెక్క. పేసర్లు (ముందు పరిగెత్తి స్పీడు సెట్ చేసేవాళ్ళు) ఉండే లండన్ మారథాన్‌లో గెలవలేదు, 1997లో రెండో ప్లేసు దాకా వచ్చాడు. మెడల్స్ రేసు అయితే వేరే మనిషి: 1998, 2006 యూరోపియన్ గోల్డులు, 2001 ఎడ్మంటన్, 2003 పారిస్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో బ్రాంజులు. సిడ్నీ ఒలింపిక్స్‌లో మాత్రం మధ్యలోనే ఆగిపోయాడు. కోచ్ లుచానో జిలియోత్తి, 1988 సియోల్ గోల్డ్ కొట్టిన జెలిందో బోర్దిన్‌కి కూడా ఆయనే కోచ్, ఒకే గురువుకి రెండు ఒలింపిక్ మారథాన్లు! బాల్దీని బెస్ట్ టైమ్ 2:07:22 మళ్ళీ లండన్‌లోనే, 2006లో, 34 ఏళ్ళ వయసులో. 2010లో రిటైర్ అయ్యాడు, ఆ టైమ్ మాత్రం ఇటలీ రికార్డుగా 2020 దాకా ఉంది.

ఫినిష్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 1896 ఒలింపిక్స్ జరిగిన స్టేడియం, అంతా తెల్ల పాలరాయి, గుర్రపు లాడం షేపు, లోపలికి తిరగ్గానే చివరి గీత ఎదురుగా కనిపిస్తుంది.

ఇక పనికొచ్చే ముక్కలు. స్టార్ట్‌కి తెల్లారుజామున బస్సుల్లో తీసుకెళ్తారు, కాబట్టి సెంటర్‌లో రూమ్ తీసుకోండి. నేనున్న హోటల్ వాళ్ళు రేసు రోజు పొద్దున్నే టిఫిన్ పెడతామని చెప్పి పెట్టలేదు, అరటిపళ్ళు, బ్రెడ్డు ముందురోజే కొని పెట్టుకోండి. షెంగెన్ వీసాకి ముందే అప్లై చేయండి. ట్రైనింగ్‌లో ఎక్కుడే కాదు, దిగుడు కూడా ప్రాక్టీస్ చేయండి, వారం రోజులు మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని పక్కకి నడిచాను. 5కి 4.5 ఇస్తా.