రేవు టగ్గా, సముద్రపు టగ్గా?

హైదరాబాద్‌కు ఓడరేవు లేకపోయినా, నీటి మీద బరువు కదపడం ఎంత కష్టమో మనకు తెలుసు. 1990లో హుస్సేన్‌సాగర్‌లో మునిగిన బుద్ధ విగ్రహాన్ని పైకి తీసేసరికి 1992 వచ్చింది.

టగ్ అంటే పెద్ద ఓడలను లాగే, నెట్టే చిన్న ఓడ. నౌకాదళంలో రేవు టగ్‌ది దగ్గరి పని. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన 'వీరన్' లాగుడు బలం 50 టన్నులు. గట్టు మీది గుంజకు తాడు కట్టి, లాగించి కొలిచే లెక్క ఇది. యుద్ధనౌకను గట్టుకు చేర్చడం, గట్టు నుంచి విడిపించడం, మంటలొస్తే నీళ్లు చిమ్మడం దీని పని.

ఓడలను దూరాలకు లాక్కెళ్లే 'మాతంగ' లాంటి సముద్రపు టగ్ బతుకంతా తాడులోనే ఉంది. వందల మీటర్ల ఉక్కు తాడును బిగుతుగా ఉంచితే అల కుదుపుకు తెగుతుంది. అందుకే తన బరువుకు తానే నీళ్లలోకి వేలాడేలా పొడుగ్గా వదులుతారు. ఆ వంపే కుదుపును మింగేస్తుంది. లోతు తగ్గితే తాడు అడుగున రాసుకుంటుంది కాబట్టి మళ్లీ చుట్టాలి. తెగిందా, కొరడాలా వెనక్కి కొడుతుంది. వెనక డెక్ మీద ఎవరూ నిలబడకూడదు. 2020లో రిటైరైన విమానవాహక నౌక 'విరాట్' కూడా ముంబై నుంచి గుజరాత్‌లో ఓడలను విడగొట్టే ఆలంగ్‌కు ఇలా టగ్ వెంటే వెళ్లింది.

మన ఊరి పిల్లలు నేవీలో చేరుతూ అడిగితే, ముందు రేవు టగ్ అనే చెబుతాను. అంగుళాల్లో పని అక్కడే వస్తుంది. నా మనసు మాత్రం సముద్రపు టగ్ మీదే.